మాస్టారు తీసేసిన కొమ్మలు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను మామిడికాయల లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. చేతుల నిండా గ్రీజు. మోచేత్తో ఫోన్ నొక్కి గుండెల మీద పెట్టుకున్నాను. అవతల ఎవరో ఆటో డ్రైవరు. "అన్నా, మీ ఐటీఐ మాస్టారంట కదా... ఆయన ఫోన్లో మీ నంబరే పైనుంది. కొమ్మ పెట్టారన్నా. నా కళ్ళ ముందే పెట్టారు. అయినా కారోడు ఆగలా" అన్నాడు. పోయారన్న మాట అతను అననే లేదు. కొమ్మ పెట్టారన్న సంగతి మాత్రం మూడుసార్లు చెప్పాడు. నాకు అర్థమైపోయింది.

మాస్టారు ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠం చెప్పి రిటైరైన మనిషి. బాపులపాడు నుంచి మైలవరం దాకా ఏ షెడ్డులోకి వెళ్ళినా ఆయన దగ్గర తిట్లు తిని పని నేర్చుకున్నవాడు ఒకడైనా ఉంటాడు. నేనూ ఆ తిట్లు తిన్నవాణ్ణే. నూజివీడులో నా షెడ్డు ఆయన ఇంటికి రెండు వీధుల అవతల. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మంచి మాటలన్నీ అచ్చేసిన ఫ్లెక్సీ ఒకటి అప్పుడే బస్టాండు దగ్గర కట్టేశారు. అందులో ఆయన బొమ్మ కన్నా కట్టించినవాళ్ళ బొమ్మలు పెద్దవి. అది చూశాను. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను. చదివేవాళ్ళకి ముందే చెబుతున్నాను, నాకు ఒళ్ళంతా రోతగా ఉంది. ఆ రోత ఎవరి మీదో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మన రోడ్ల మీద తిరిగేవాళ్ళకి కొమ్మ సంగతి కొత్త కాదు. లారీయో ట్రాక్టరో దారి మధ్యలో మొరాయిస్తే, కాస్త వెనకగా ఒక పచ్చికొమ్మ విరిచి రోడ్డు మీద పడేస్తారు. వెనకొచ్చేవాడికి అదే హెచ్చరిక. మా వైపు కొమ్మంటే మామిడికొమ్మే, ఎందుకంటే రోడ్డుకి రెండు పక్కలా ఉన్నవి మామిడి తోటలే. తోట రైతు చూస్తే బూతులు తిడతాడు కాబట్టి గబగబా విరుస్తారు. బండి బాగవగానే ఎక్కి వెళ్ళిపోతారు. కొమ్మ అక్కడే ఉంటుంది. చక్రాల కింద పెట్టిన రాళ్ళూ అక్కడే ఉంటాయి. వెనకొచ్చేవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి తిప్పుకుని పోతారు. దిగి తీసేవాడు ఒక్కడూ ఉండడు.

మాస్టారు తీసేవారు. పాత స్కూటరు పక్కన ఆపి, హెల్మెట్ అద్దానికి తగిలించి, పంచె కట్టినా ప్యాంటు వేసినా ఒకటే, వెళ్ళి కొమ్మ మొదలు పట్టుకుని బరబరా లాగి కాలవలోకి తోసేవారు. తర్వాత రాళ్ళు, ఒక్కొక్కటీ. ఒకసారి ఉంగుటూరులో పెళ్ళికి వెళ్తూ ఆయన, మేం అమ్మగారని పిలిచే ఆయన భార్య స్కూటరు మీద, నేను నా బండి మీద వెనకాల. దారిలో మూడుచోట్ల ఆగారు. మూడోది అప్పుడే విరిచి వదిలేసింది. సొన చింది తెల్లచొక్కా ముందంతా పడింది. "పెళ్ళికి పోతున్నామా, కొమ్మలు కొట్టడానికి పోతున్నామా?" అన్నారు అమ్మగారు. "పెళ్ళికే. కొమ్మ అబద్ధం చెబుతోంది, నోరు మూయించి వస్తా" అన్నారాయన. ఆ సొన మరకలు నల్లగా మాడి చొక్కా మీద అలాగే ఉండిపోయాయి. ఆయన చొక్కాలన్నీ అంతే. చర్చికి వేసుకునేది ఒక్కటే అమ్మగారు బీరువాలో తాళం వేసి దాచేవారు.

ఐటీఐలో చివరి పరీక్షకి ఆయన ఒక ప్రశ్న అడిగేవారు. "దారిలో బండి ఆగింది, నువ్వెళ్ళి బాగుచేశావ్. ఇప్పుడేం చేస్తావ్?" ప్రతివాడూ, "స్టార్ట్ చేస్తానండి" అనేవాడు. నేనూ అన్నాను. "మరి కొమ్మ ఎవడు తీస్తాడ్రా? మీ తాతా?" అని మార్కులు కోసేశారు. ఆయన పాఠం రెండే ముక్కలు. బండి ఆగితే ముందు కొమ్మ, తర్వాత బానెట్. బండి బాగైతే ముందు కొమ్మ, తర్వాత గేరు. ఇంజను గురించి ఆయన చెప్పినదాంట్లో సగం మర్చిపోయాను. ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇక మా ఆదివారాల గురించి చెప్పాలి. మాస్టారికి కార్ల రేసుల పిచ్చి. కుర్రతనంలో తమిళనాడులో కొన్నాళ్ళు పనిచేసినప్పుడు, ఏదో రేసులో ట్రాకు పక్కన నిలబడి జెండా ఊపే పని చేశారట. "పసుపు జెండా ఊపుతానా, ఒక్కడూ స్పీడు తగ్గించడ్రా. కనపడనట్టే పోతారు" అని ఎన్నిసార్లు చెప్పారో. ఫోన్‌ని టీవీకి తగిలించి రేసు పెట్టడం ఆయనకి చేతకాదు, ఆ పని నాది. అందుకని రేసున్న ప్రతి ఆదివారం సాయంత్రం నేను ఆరుంబావుకల్లా వాళ్ళింట్లో ఉండాలి. తూర్పు దేశాల రేసు మనకి పొద్దున్న పూట వస్తే అది సరిగ్గా ఆరాధన సమయం. ఆయన చర్చికి పోయేవారు. "ఎవడు గెలిచాడో చెప్పావంటే గుమ్మం తొక్కనివ్వను" అని బెదిరించి మరీ పోయేవారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇద్దరం చూసేవాళ్ళం, నేను రెండోసారి, తెలియనట్టు నటిస్తూ.

మా తగువంతా సేఫ్టీ కారు గురించి. రేసులు చూడనివాళ్ళకి రెండు మాటలు. ట్రాకు మీద ఏదైనా కారు గుద్దుకున్నా, విరిగిన ముక్కలు పడినా, నిర్వాహకులు ఒక కారుని లోపలికి పంపుతారు. దాని నెత్తి మీద లైట్లు వెలుగుతుంటాయి. రేసు కార్లన్నీ దాని వెనక బుద్ధిగా వరస కట్టి నెమ్మదిగా తిరగాలి. ఒకరినొకరు దాటకూడదు. ట్రాకు శుభ్రం చేశాక అది తప్పుకుంటుంది, మళ్ళీ రేసు మొదలు. ఇందులో తిరకాసు ఏంటంటే, అందరికన్నా ముందున్నవాడు గంటసేపు చెమటోడ్చి సంపాదించిన దూరమంతా ఆ వరసలో ఆవిరైపోతుంది. వెనకవాడు ఉచితంగా వచ్చి వీడి తోక పట్టుకుంటాడు.

నాకు అది చూస్తే ఏవగింపు. ఇప్పటికీ ఏవగింపే. ఎక్కడో గడ్డిలో చిన్న ప్లాస్టిక్ ముక్క పడితే సేఫ్టీ కారు. నాలుగు చినుకులు పడితే సేఫ్టీ కారు వెనక ఊరేగింపు. రేసు చప్పగా సాగుతోంది, చూసేవాళ్ళు ఆవలిస్తున్నారు అనుకునే వేళకి సరిగ్గా అది బయటికొస్తుంది. అందర్నీ పోగేసి ఒక్కసారి వదిలితే చివర్లో గుద్దులాట బాగుంటుంది మరి. భద్రత పేరు చెప్పి జరిగే తమాషా ఇది. "ఛీ, దీనికి రేసెందుకు మాస్టారూ, వరసలో నడిపించి చీటీలు తీస్తే పోదా?" అనేవాణ్ణి. ఎదురుగా ఉన్న బల్ల మీద చెయ్యి వేసి కొట్టేవాణ్ణి. అమ్మగారు మజ్జిగ గ్లాసులు అవతలికి జరిపేవారు.

మాస్టారు నాలాగ అరిచేవారు కాదు. సేఫ్టీ కారు రాగానే కళ్ళజోడు సవరించుకుని తెర దగ్గరికి వెళ్ళి చూసేవారు. ట్రాకు మీద మనిషి ఎవరైనా నిలబడి ఉంటే, "మనిషున్నాడు" అనేవారు. అంతే. ఇక గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మనిషి కంచె దాటి అవతలికి వెళ్ళేదాకా ఆయన కూర్చునేవారు కాదు. మనిషి లేకపోతే, "నాటకం" అని టీవీ గొంతు నొక్కేసి, వసారాలో కూర్చుని చిన్నరసం మామిడిపళ్ళు పిండుకుని తినేవారు. ఒక్కో సేఫ్టీ కారుకి రెండు రసాలు. బాగా పండిన కాలంలో, బాగా నాటకాలాడిన రోజున, ఆరు కూడా తినేవారు. "షుగరు" అని అమ్మగారు అరిస్తే, "నన్నంటావేంటి, ఆ కారుని పంపినోళ్ళని అడుగు" అనేవారు.

"మరి ఎక్కువ వాడుతున్నట్టే కదండీ?" అని ఒకసారి గట్టిగా నిలదీశాను. ఆయన టెంక చీకుతూ ఆలోచించారు. "నువ్వు రేసు పాడైందని ఏడుస్తున్నావ్. నా ఏడుపు అది కాదు. మనిషి కోసం ఎన్నిసార్లు పెట్టినా ఎక్కువ కాదు. మనిషి లేకుండా ఒక్కసారి పెట్టినా ఎక్కువే. లైటు వెలిగిందంటే లోపల మనిషున్నాడని డ్రైవరు భయపడాల్రా. ఆ భయాన్ని వీళ్ళు అరగదీసేస్తున్నారు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ముసలితనం కొద్దీ ప్రతిదాన్నీ తన కొమ్మల దగ్గరికే తెస్తారని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆయన పోవడానికి ముందు ఆదివారం. కాయల సీజను ముదిరి ఉంది. మైలవరం రోడ్డులో, పెద్ద మలుపు దాటగానే, మామిడికాయల ట్రక్కు లాగుతున్న ట్రాక్టరు ఆగిపోయిందని ఫోనొస్తే వెళ్ళాను. నేర్చుకున్నట్టే ముందు కొమ్మ పెట్టాను, మలుపుకి ఇవతలగా, మనిషెత్తు కొమ్మ. ఎండలో మూడు గంటలు పట్టింది. బండి కదిలేసరికి ఆరు. ఆరున్నరకి రేసు. టీవీ దగ్గర మాస్టారు రిమోట్ పట్టుకుని కూర్చుని ఉంటారు, నేను వెళ్ళి తగిలించకపోతే ఆయనకి బొమ్మ రాదు. పనిముట్లు సంచిలో పడేసి బండెక్కి వచ్చేశాను.

ఆ రోజు రేసులో ఏదో కారు రెక్క ముక్క ఊడి ట్రాకు పక్కన పడింది. సేఫ్టీ కారు వచ్చింది. ముక్క తీసేశాక కూడా అది తప్పుకోలేదు. తిరుగుతూనే ఉంది. "అయిపోయింది కదరా, తియ్యండ్రా, ఇంకా ఎవణ్ణి ఉద్ధరించడానికి?" అని నేను తెర ముందు చిందులు తొక్కుతున్నాను. మాస్టారు నవ్వి, "తీయడం తెలిసినోడే పెట్టాల్రా" అన్నారు. అని, రసం పిండుకుంటూ, మామూలుగానే అడిగారు.

"ఇవాళ లేటయ్యావేంటి?"

"మైలవరం రోడ్డులో ట్రాక్టరు మాస్టారూ."

"కొమ్మ తీశావా?"

అడిగేదాకా నాకు గుర్తే లేదు. గుర్తొచ్చింది. రేసు ఇంకా సగం ఉంది. పొద్దున్నే వెళ్ళి తీసేద్దాంలే అనుకున్నాను.

"తీశానండీ" అన్నాను.

ఆయన తలూపారు. నేను తీశానంటే తీశాననే ఆయన లెక్క. సోమవారం పొద్దున్నే రెండు లారీలు షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాయి. మంగళవారం ఇంకో రెండు. బుధవారం కొమ్మ సంగతి గుర్తు కూడా రాలేదు.

గురువారం పదకొండు గంటలకి మాస్టారు రసాల కోసం అదే రోడ్డున తోటకి వెళ్తున్నారు. వచ్చే ఆదివారం రేసుకి ముందే తెచ్చి గడ్డిలో మగ్గెయ్యాలని. మలుపు దాటగానే కాయల ఆటో ఒకటి ఇరుసు విరిగి ఒరిగిపోయి ఉంది. ఈయన దిగారు. పక్క తోటలోంచి కొమ్మ విరిచి, మలుపుకి ఇవతల రోడ్డు మీద వేసి, ఆటో దగ్గరికి వెళ్ళి కాయల బుట్టలు దింపడానికి చెయ్యి వేశారు. కారు కొమ్మని తొక్కుకుంటూ మలుపు తిరిగింది. ఆటో డ్రైవరు అటుపక్క ఉన్నాడు కాబట్టి బతికాడు.

నేను వెళ్ళేసరికి ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. రోడ్డంతా చితికిన కాయలు. జనం ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. ఒకడు ఒక చేత్తో వీడియో తీస్తూ రెండో చేత్తో పగలని కాయలు ఏరుకుంటున్నాడు. నా కళ్ళతో చూశాను. కారు నడిపినవాడు మైలురాయి మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మంచి చొక్కా, చదువుకున్న మొహం. నేను వెళ్ళి కాలరు పట్టుకుని పైకి లేపాను.

"పట్టపగలు రోడ్డు మీద కొమ్మ కనపళ్ళేదా నీకు?"

"కనపడిందండీ" అన్నాడు. "నేను రోజూ ఇటే వెళ్తానండీ. ఆదివారం నుంచీ అక్కడ కొమ్మ పడే ఉందండీ. మొదటిరోజు బ్రేకేశాను, మలుపు తిరిగితే ఏమీ లేదు. రెండో రోజూ వేశాను, ఏమీ లేదు. ఇవాళ కూడా అదే అనుకున్నానండీ."

నా చెయ్యి దానంతటదే వదిలేసింది. మలుపు దగ్గరికి నడిచి వెళ్ళి చూశాను. పచ్చికొమ్మ ఒకటి, దాని పక్కనే, ఆకులు ముడుచుకుపోయిన నా కొమ్మ. ఆటో పని అయ్యాక రెండూ కలిపి తీద్దామనుకుని ఉంటారు. కొట్టబోయి వదిలెయ్యడం అందరూ చూశారు. "గొప్ప మనసయ్యా నీది, మాస్టారి శిష్యుడివనిపించావ్" అని ఒక పెద్దాయన నా భుజం తట్టాడు. అప్పుడు నేను నోరు విప్పలేదు. ఆ తట్టిన చోట ఇప్పటికీ కంపరంగా ఉంది. నలుగురిలో నా పరువు కోసం, కారు నడిపినవాడొక్కడే దోషి అన్నట్టు అక్కడే వదిలేసి వచ్చాను.

సమాధి దగ్గర చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, వెనకాల ఇద్దరు, "టైమొస్తే ఎవరాపుతారు" అని గుసగుసలాడుకున్నారు. టైము రాలేదు. దాన్ని నేను తెచ్చి మలుపులో పడేశాను. తాళం వేసి దాచిన ఆ చర్చి చొక్కానే ఆయనకి తొడిగారు. ఒక్క మరక కూడా లేకుండా ఆయన ఎవరోలా ఉన్నారు.

ఆ తర్వాతి వారం ఇంట్లో, అయినవాళ్ళని ఓదార్చడానికి, ఆదరణ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, టీలయ్యాయి, అందరూ వెళ్ళిపోయారు. నేను కుర్చీలు మడతపెట్టే వంకతో ఆగిపోయాను. అమ్మగారు టీవీ ముందు, ఆయన కూర్చునే చోట కాక పక్కన కూర్చుని ఉన్నారు. చెప్పేశాను. ట్రాక్టరు, కొమ్మ, రేసు, ఆయన అడగడం, నేను అబద్ధమాడటం, కారతన్ని వదిలేసి మంచివాడిననిపించుకోవడం, అన్నీ. పోలీసులకి కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాను.

ఆవిడ ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని నేను తల వంచుకునే ఉన్నాను. ఒకే మాట అడిగారు.

"ఇప్పుడు తీశావా?"

లేదు. అన్ని రోజులూ ఆ రోడ్డు వైపే వెళ్ళలేకపోయాను. లేదమ్మా అన్నాను.

ఆవిడ లేచి చెప్పులు వేసుకున్నారు. "పద" అన్నారు.

నా బండి వెనక కూర్చున్నారు. మలుపు దగ్గర ఎవరూ ఏమీ తీయలేదు. ఆటోని తీసుకెళ్ళారు, కారుని తీసుకెళ్ళారు, రెండు కొమ్మల్నీ, ఆటో అడుగున పెట్టిన రాళ్ళనీ అక్కడే వదిలేశారు. వారం ఎండకి, చక్రాల కింద నలిగి, కొమ్మలు రెండూ ఒకే రంగుకొచ్చేశాయి. ఏది నాదో, ఏది మాస్టారిదో, వంగి ఎంత చూసినా తెలియలేదు. కార్లు వేగం తగ్గించకుండా వాటిని దాటుకుంటూ పోతున్నాయి. రోడ్డు మీదికి దిగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అమ్మగారు దిగారు. చీర కొంగు నడుముకి దోపుకుని, రోడ్డు మధ్యకి నడిచి, నూజివీడు వైపు తిరిగి చెయ్యెత్తి నిలబడ్డారు. ముందొచ్చిన కారు కీచుమని ఆగింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక కాయల లారీ, ఆటోలు, అలా వరస కట్టేశాయి. ఎవడో హారన్ కొట్టాడు. ఎవడో తల బయటపెట్టి, "ఏంటమ్మా, నీ రోడ్డా ఇది?" అని అరిచాడు. ఆవిడ కదల్లేదు.

నేను ఒక కొమ్మ లాగి కాలవలో వేశాను. రెండోది లాగి వేశాను. తర్వాత రాళ్ళు, ఒక్కొక్కటీ. చివరి రాయి నా చేతిలోంచి కాలవలో పడిన చప్పుడు వినగానే ఆవిడ చెయ్యి దించి పక్కకి తప్పుకున్నారు. ఒక్క క్షణం కూడా ఎక్కువ నిలబడలేదు.